ముందే వెళ్ళిన సున్నా

"నెల చివరి రోజున మీ పట్టాల మీద ఎవరికీ ఏమీ కాలేదని మీకెవరు చెప్పారు సార్?" అని అడిగింది కందిరీగ.

లెక్కల పెద్ద కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. రైల్వే ప్రధాన కార్యాలయంలో ప్రమాదాల గణాంకాల విభాగానికి ఆయన అధిపతి. ఏడాదికోసారి ఆ విభాగం అచ్చువేసే పుస్తకాలు ఆయన వెనక అద్దాల బీరువాలో బారులు తీరి ఉన్నాయి. వాటి మీద దుమ్ము లేదు. చదివేవాళ్ళుండి కాదు, ఆయనే రోజూ తుడుచుకుంటాడు.

"నాకు చెప్పేది డివిజన్లవాళ్ళమ్మా. నేను వెళ్ళి పట్టాల మీద నిలబడను కదా."

కందిరీగ అన్నది పోలీసు శాఖలో ఉండగా తోటివాళ్ళు ఆమెకు పెట్టిన పేరు. ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నాక కూడా ఆ పేరు ఆమెను వదల్లేదు, కుట్టే గుణాన్ని ఆమె వదల్లేదు గనక. ఆమె పక్క కుర్చీలో ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చున్నది దర్జీ అక్క. బట్టలు కుట్టి తమ్ముణ్ణి పెంచింది. ఆ తమ్ముడు రైల్వే గ్యాంగులో పట్టాలు బిగించే పనిలో ఉన్నాడు. పోయిన నెల ఆఖరి రోజు పొద్దున్నే అన్నం క్యారియరు పట్టుకుని డ్యూటీకి వెళ్ళాడు. తొమ్మిది రోజులైనా తిరిగి రాలేదు. ఆఫీసుకు వెళ్ళి అడిగితే ఆ రోజు అతను డ్యూటీకే రాలేదని చావు కబురు చల్లగా చెప్పినట్టు చెప్పి పంపేశారు. అప్పటినుంచీ ఆవిడకు కావలసింది ఒక్కటే, తమ్ముడు ఉన్నాడా లేడా అన్న మాట.

"అయితే ఆ చెప్పడం ఎలా జరుగుతుందో మొదట్నించీ చెప్పండి. నాకేమీ తెలియదనుకునే చెప్పండి."

ఈ మాటకు లెక్కల పెద్ద ముఖం విప్పారింది. ఆయన్ని ఇంతవరకూ ఎవరూ ఆ సంగతి అడిగి ఉండరు.

"ప్రమాదం జరిగితే దగ్గర్లోని స్టేషన్ మాస్టరు వెంటనే ఫోన్లో చెప్పాలి. ఒక్క రోజులో కాగితం రావాలి. అది ఏ రకం ప్రమాదమో డివిజన్ ఆఫీసు తేలుస్తుంది. బండి పట్టాలు తప్పిందా, గుద్దుకుందా, గేటు దగ్గర జరిగిందా, అలా. మనిషికి దెబ్బ తగిలితే వాడు ప్రయాణికుడా, ఉద్యోగస్తుడా, పట్టాల మీదకు అక్రమంగా వచ్చినవాడా అని చూస్తారు. నెలయ్యాక పట్టిక వేసి నాకు పంపుతారు. అన్ని డివిజన్లవీ వస్తే నేను కూడతాను."

"రైల్లో జబ్బు చేసి పోయినవాడో?"

"వాడు ప్రమాదం కాదు. లెక్కలోకి రాడు."

"ఏది ప్రమాదమో, ఏది కాదో తేల్చేది కూడా ఆ డివిజనువాళ్ళేనా?"

"వాళ్ళే."

"అంటే పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుంటాడు."

లెక్కల పెద్ద చిన్నగా దగ్గాడు. "ఏమీ జరగకపోయినా ఊరుకోకూడదమ్మా. ఏమీ జరగలేదని రాసి పంపాలి. సున్నా రిపోర్టు అంటాం. మీరు అడుగుతున్న డివిజను అందులో మాకు ఆదర్శం. ఎప్పుడూ అందరికంటే ముందు వాళ్ళదే వస్తుంది. తొందరగా పంపినవాళ్ళకు ఏటా షీల్డు ఇస్తాం. నాలుగేళ్ళుగా వాళ్ళకే." ఆయన ఫైలు తీసి కాగితం తిప్పి చూపించాడు. అన్ని గళ్ళలోనూ సున్నాలు ముత్యాల్లా పేర్చి ఉన్నాయి.

కందిరీగ సున్నాలు చూడలేదు. పైన మూలకు కొట్టిన ముద్ర చూసింది.

"ఇది మీ చేతికి ఇరవై ఎనిమిదిన వచ్చింది."

"అవును."

"ఆ నెలకు ముప్ఫై ఒక్క రోజులు. మిగతా మూడు రోజులు ఇంకా తెల్లవారనే లేదు కదా. వాటిలో ఏమీ జరగదని వాళ్ళకెలా తెలిసింది?"

"అది పద్ధతమ్మా. షీల్డు ఉందని అన్ని డివిజన్లూ కాస్త ముందే పంపేస్తాయి. ఆ తర్వాత ఏదైనా జరిగితే సవరణ పంపుకోవచ్చు. పెద్ద అధికారి సంజాయిషీతో."

"షీల్డు?"

"సవరణ పంపితే షీల్డుకు అర్హత పోతుంది."

ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని విన్నాం గానీ, ఇక్కడ పుట్టని రోజులకు కూడా మంచి నడవడి పత్రం రాసి పంపేస్తున్నారు. కందిరీగకు కోపం వచ్చింది. అయినా గొంతు పెంచలేదు.

"ఇన్నేళ్ళలో ఎన్ని సవరణలు వచ్చాయి సార్?"

లెక్కల పెద్ద ఆలోచించాడు. "నాకు గుర్తున్నంతలో రాలేదు."

"మీ బీరువాలోవి తీయండి. ఏ సంవత్సరానివైనా సరే, నెలవారీ పట్టికలు. నెలాఖరు మూడు రోజుల్లో జరిగిన ప్రమాదం ఒక్కటి చూపించండి. నేను మీకు నమస్కారం పెట్టి లేచి వెళ్ళిపోతాను."

ఆయన ఒక కట్ట దించి వేలితో తారీఖుల వెంట నడిచాడు. ఇంకో కట్ట దించాడు. మూడోది తీసేటప్పటికి చెయ్యి నెమ్మదించింది. ఎంతైనా ఆయన లెక్కల మనిషి, ఎవరూ విడమరిచి చెప్పనవసరం లేకపోయింది. ప్రతి నెలా ప్రమాదాలు మొదటి తారీఖున మొదలై ఇరవై ఏడుకో ఎనిమిదికో ఆగిపోతున్నాయి. మళ్ళీ ఒకటో తారీఖున, జీతాలతోపాటు, తిరిగి మొదలవుతున్నాయి.

"రైళ్ళకు క్యాలెండరు చదవడం వచ్చా సార్?" అంది కందిరీగ. "నెలాఖరున ఎవడికీ కాలు జారదు. ఒక్క గేటు విరగదు. ఇన్నేళ్ళుగా ఇది మీ చేతుల మీదుగానే అచ్చయింది. ఒక్కసారన్నా వింతగా అనిపించలేదా మీకు?"

"నా పని కూడటమమ్మా. ఏరడం కాదు."

"రాళ్ళూ బియ్యమూ కలిపి వండి, ఏరడం నా పని కాదంటే తినేవాడి పళ్ళు ఏమైపోవాలి?"

దర్జీ అక్క అంతసేపటికి నోరు విప్పింది. "సార్, ఇవన్నీ నాకు తెలియవు. మావాణ్ణి ఎందులో రాశారో చూసి చెప్పండి చాలు."

"మీ తమ్ముడు ఎందులోనూ లేడమ్మా."

"దెబ్బ తగిలినవాళ్ళలో?"

"లేడు."

"పోయినవాళ్ళలో?"

"లేడమ్మా."

"మరి మనిషనేవాడు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా సార్" అంది ఆవిడ.

లెక్కల పెద్ద ఆవిడ వంక చూడలేక కిటికీ వైపు తిరిగాడు. కాసేపటికి, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు, "ఆ గ్యాంగు పనిచేసే చోటు డివిజను హద్దుకు దగ్గర. హద్దు రాయి దాటి జరిగిందల్లా పక్క డివిజను లెక్క. ఇంతకంటే నన్నడక్కండి" అన్నాడు.

అడగనక్కర్లేదు. కందిరీగ అప్పటికే లేచి నిలబడింది.

*

పట్టాల పక్కన రేకుల గది ముందు గ్యాంగు మేస్త్రీ ఒక్కడే కూర్చుని పార పిడికి మేకు కొడుతున్నాడు. గ్యాంగు ఎక్కడికో పనికి పోయింది. జేబురుమాలు తలకు చుట్టుకున్న నడివయసు మనిషి. దర్జీ అక్కను చూడగానే సుత్తి ఆపాడు. పలకరించలేదు. తమ్ముడి పెళ్ళిచూపులకు తోడు వెళ్ళినవాడు ఇప్పుడు తల కూడా ఎత్తలేదు.

కందిరీగ అతన్ని వదిలేసి పట్టాల వెంట నడిచింది. ఎదర లైను కుడివైపు వంపు తిరిగింది. వంపులోంచి వచ్చే బండి దగ్గరకు వచ్చేదాకా కనబడదు. ఇటువైపు కొంత దూరంలో తెల్లరంగు వేసిన హద్దు రాయి, దాని అవతల ఒక చెట్టు ఉన్నాయి. పట్టాల మధ్య కంకరంతా నూనె కారి, బ్రేకు పొడి పడి నల్లగా కమిలిపోయింది. ఒక్కచోట మాత్రం, మంచమంత మేర, రాళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి.

"మేస్త్రీ, ఇక్కడ కంకర ఎప్పుడు మార్చారు?"

"మార్చలేదండీ."

"మరి ఇలా ఉందేం?"

"వానకు కడిగినట్టుందండీ."

"వాన మంచం వేసి కొలిచి కురిసిందా?"

కందిరీగ వంగి రెండు మూడు రాళ్ళు తొలగించింది. కింద పొర పాత నలుపే. ఆ నలుపు మీద, పట్టాల కింది స్లీపరు దిమ్మె అంచున, ముదురు గోధుమరంగు చారిక ఎండి పగుళ్ళిచ్చి ఉంది. ఆమె రాళ్ళు తిరిగి సర్దేసింది. దర్జీ అక్క చూడకుండా అడ్డంగా నిలబడి ఆ పని చేసింది.

తర్వాత రేకుల గదిలోకి వెళ్ళింది. పారలు, రెంచీలు, గునపాలు ఒక మూల. ఇంకో మూల నాలుగు చక్రాల తోపుడు ట్రాలీ. గోడకు మేకులు, మేకులకు జెండాలు. గ్యాంగు పట్టాల మీద ఉన్నప్పుడు బండిని ఆపడానికి ఎర్ర జెండాలు, పోనివ్వడానికి పచ్చ జెండా చూపిస్తారు. పచ్చది నిండుగా ఉంది. ఎర్రవి రెండింటిలో ఒకటి నిండుగా ఉంది. రెండోది సగమే ఉంది.

"దీనికేమైంది?"

"ఎలుకలు కొరికేశాయండీ."

కందిరీగ ఆ అంచును వెలుగులో పట్టి చూసింది. "పైనుంచి కిందకు, పోగు తప్పకుండా, తిన్నగా కొరికాయే. ఈ ఎలుకల్ని అక్క దుకాణంలో పెట్టించు. కత్తెర ఖర్చు కలిసొస్తుంది."

ఆమె నవ్వలేదు. మేస్త్రీ నుదుటి మీద చెమట పట్టింది. ఇంకొక్క మాట అడిగితే చెప్పేసేలా ఉన్నాడు. సరిగ్గా అప్పుడే బయట జీపు ఆగిన చప్పుడైంది. జీపుకంటే ముందు అత్తరు వాసన గదిలోకి వచ్చింది.

సెంటు ఇన్‌స్పెక్టరు అంటే ఆ లైనులో తెలియనివాళ్ళు లేరు. రైల్వే పోలీసు. ఒకప్పుడు కందిరీగ కింద పనిచేసి, ఆమె ఉద్యోగం మానేశాక ఆమె కుర్చీలోనే కూర్చున్నాడు. కుర్చీ అయితే దక్కింది గానీ ఆవిడ ఉన్నప్పుడు ఇలా జరిగేది కాదు అన్న మాట రోజూ వినాల్సి వస్తోందని అతని బాధ.

"మేడమ్‌గారు దారి తప్పారా?" అన్నాడు గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"దారి తప్పింది నేను కాదు. ఒక కుర్రాడు తప్పిపోతే వెతకాల్సినవాళ్ళు తప్పారు."

"తప్పిపోలేదు. పారిపోయాడు. రెండు రెంచీలు ఎత్తుకుపోయాడని కేసు కూడా కట్టాను." అతను దర్జీ అక్క వైపు తిరిగాడు. "మీ తమ్ముడు ఫోన్ చేస్తే లొంగిపొమ్మని చెప్పమ్మా. నీకే మంచిది."

దర్జీ అక్క ముఖంలో రక్తం లేదు. "మావాడు దొంగ కాదండీ" అని మాత్రం అంది.

కందిరీగ రెంచీల మూల చూపించింది. "గ్యాంగుకు ఆరు రెంచీలిస్తారు. అక్కడ ఆరూ ఉన్నాయి. పోయాయని ఎవరు చెప్పారు నీకు?"

"డివిజను ఇంజినీరుగారు కాగితం ఇచ్చారు."

"కాగితం ఇచ్చారు, కట్టేశావు. కళ్ళెదురుగా ఉన్నవి లెక్కపెట్టడానికి కూడా కాగితం కావాలా?"

"చూడండి మేడమ్, ఇది రైల్వే హద్దు. అనుమతి లేకుండా పట్టాల మీద తిరుగుతున్నారు. మా సాక్షిని బెదిరిస్తున్నారు. మర్యాదగా చెబుతున్నా, నా హద్దులోంచి బయటకు నడవండి."

"అదా నీ బాధ? అలాగే."

ఆమె గదిలోంచి బయటకు వచ్చి, పట్టాల పక్కగా చకచకా నడిచి, తెల్ల రాయి దాటి నిలబడింది. చేతులు కట్టుకుంది.

"ఇది పక్క డివిజను. ఇక్కడ నన్నేమన్నా అనాలంటే వాళ్ళ దగ్గరనుంచి అనుమతి కాగితం తెచ్చుకో. నీకు కాగితాలంటే ఇష్టం కదా. అక్కా, మీరు కూడా ఇటు రండి. మేస్త్రీ, నిన్నూ పిలుస్తున్నాను."

ఇన్‌స్పెక్టరు రాయి దాకా వచ్చి ఆగిపోయాడు. దాటి ఒక్కడుగు వేస్తే ఏమవుతుందో అతనికి నిజంగానే తెలియదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎప్పుడూ వేయలేదు.

మేస్త్రీ గది గుమ్మంలోనే నిలబడ్డాడు. కందిరీగ అందరికీ వినబడేలా మాట్లాడింది.

"ఆ కంకర మీద రక్తం పడింది. పై రాళ్ళు ఏరేసి కొత్తవి పోశారు. సరే, ఇంతవరకూ ఎవడైనా చేసే పనే. కానీ జెండా ఎందుకు చించారు? బండిని ఆపాల్సిన ఎర్ర జెండా లేకపోతే గ్యాంగు మొత్తానికి ఉద్యోగాలు పోతాయి. అయినా చించారు. పోగు పట్టి, పొడుగ్గా, పట్టీలా. మేస్త్రీ, చచ్చినవాడికి ఎవరన్నా కట్టు కడతారా?"

ఆ మాట దర్జీ అక్కకు అందేందుకు ఒక క్షణం పట్టింది. అందగానే ఆవిడ కందిరీగ మోచెయ్యి పట్టుకుంది. ఇన్‌స్పెక్టరు ఏదో అనబోయి మేస్త్రీని చూసి ఆగాడు.

మేస్త్రీ తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని, ఇన్‌స్పెక్టరును దాటి, రాయిని దాటి, దర్జీ అక్క ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"ఊపిరుందమ్మా" అన్నాడు.

ఆ తర్వాత అంతా ఒక్క గుక్కలో చెప్పాడు. "బండి వస్తోందని ఈల ఊదడానికి వంపు దగ్గర ఒక మనిషిని నిలబెట్టాలి. మనుషులు తక్కువన్నారు, ఆ మనిషిని తీసేశారు. ఆ రోజు వంపులోంచి ఒట్టి ఇంజను వచ్చింది. పెట్టెలు లేకపోతే దానికి చప్పుడే ఉండదు. అందరం దూకేశాం. మీ తమ్ముడి కాలు చిక్కింది. నేనే జెండా చించి తొడకు బిగించి కట్టాను. ఇంజినీరుగారికి ఫోన్ చేశాను. ఆయన ముందుగా అడిగింది బతికున్నాడా అని కాదమ్మా. హద్దు రాయికి ఎంత దూరం అని."

కందిరీగ పళ్ళు బిగించింది. "చెప్పు."

"రిపోర్టు పోయిందిరా, ఇప్పుడు నాకు సంజాయిషీ రాసే ఖర్మ పట్టించకండి అన్నారు. ట్రాలీ మీద వేసి రాయి దాటించండి, జేబులో గుర్తింపు కార్డు తీసేయండి, పక్కవాళ్ళ స్టేషనుకు పేరు చెప్పకుండా ఫోన్ చేయండి అన్నారు. ఎవరన్నా నోరెత్తితే మీ అందరి మీదా కేసే అన్నారు. పిల్లలున్నవాళ్ళం. ఆ చెట్టు కింద పడుకోబెట్టి వచ్చేశాం."

"నీళ్ళడిగాడా?" అంది దర్జీ అక్క.

"అడిగాడమ్మా."

"ఇచ్చావా?"

"నా సీసాలోవే తాగించాను తల్లీ."

ఆవిడ చెయ్యెత్తింది. కొడుతుందనుకుని మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. ఆ చెయ్యి అతని దాకా వెళ్ళకుండానే వాలిపోయింది. నీళ్ళిచ్చిన మనిషిని కొట్టలేకపోయింది, రాయి దాటించి వదిలేసిన మనిషిని క్షమించనూ లేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

కందిరీగకు ఒళ్ళంతా మండిపోతోంది. చంపాలని కొట్టినవాణ్ణి ఆమె చూసింది, డబ్బు కోసం పొడిచినవాణ్ణి చూసింది. వాళ్ళకన్నా ఏదో ఒక కసి, ఒక ఆశ ఉండేవి. గోడకు తగిలించే చెక్క ముక్క కోసం, బతికున్న మనిషిని ఇంటి చెత్త పక్కింటి ముందు ఊడ్చినట్టు ఊడ్చేసినవాళ్ళను చూడడం ఇదే మొదలు. పైగా రేపు అడిగితే అందరూ ఒకటే అంటారు, పద్ధతి అని.

"విన్నావా?" అంది ఇన్‌స్పెక్టరుతో. "ఇప్పుడు నీ రెంచీల కేసు ఏం చేస్తావు?"

"తాగుబోతు మాటలు" అన్నాడతను. కానీ గొంతులో మునుపటి బిగువు లేదు. జీపు వైపు రెండడుగులు వేసి అక్కడే నిలబడ్డాడు.

కందిరీగ అతన్ని పట్టించుకోలేదు. అప్పటికి ఆమె బుర్ర ఇంకో చోట ఉంది. చెట్టు కింద ఒక మనిషి పడి ఉన్నాడు. పక్క డివిజనువాళ్ళు వచ్చి చూస్తారు. వాళ్ళ సున్నా కూడా అప్పటికే పోయి ఉంటుంది, షీల్డు మీద ఆశ వాళ్ళకు మాత్రం ఉండదా? అతన్ని ప్రమాదమని రాయరు. అక్రమంగా వచ్చాడని రాసినా పట్టికలో ఒక గడి నిండుతుంది. ఏ గడీ నిండని దారి ఒక్కటే ఉంది. పొద్దున లెక్కల పెద్ద నోటితోనే విన్నది.

ఆమె పక్క డివిజను రైల్వే ఆసుపత్రికి ఫోన్ చేసింది.

"ప్రమాదం కేసులా? పోయిన నెలాఖరున ఏవీ రాలేదండీ" అంది అవతల నర్సు.

"ప్రమాదం కాదు తల్లీ. రైల్లో జబ్బు చేసిన ప్రయాణికుడు. పేరూ ఊరూ తెలియనివాడు."

నర్సు గొంతు తగ్గించి అంది, "ఉన్నాడండీ. మూర్ఛ వచ్చి రైల్లో పడిపోయాడని రాసి తెచ్చారు. మూర్ఛ వస్తే కాలు నుజ్జవుతుందా అని మా డాక్టరుగారు కూడా అడిగారు. కాగితంలో ఉన్నదే రాయమన్నారు పైనుంచి. మీరెవరండీ?"

"స్పృహలో ఉన్నాడా?"

"నిన్నటినుంచీ మాట్లాడుతున్నాడు. ఎంతసేపూ అక్క అనే. అక్కకు కబురు చేయండంటాడు. చిరునామా అడిగితే మళ్ళీ మగతలోకి పోతాడు. వాళ్ళక్క ఎవరో మీకు తెలుసా?"

"నా పక్కనే ఉంది. ఇప్పుడే తీసుకొస్తున్నాను" అంది కందిరీగ గట్టిగా.

దర్జీ అక్క పట్టాల పక్కన కంకర మీద కూలబడి రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. తొమ్మిది రోజులుగా బిగబట్టిన ఏడుపు ఒక్కసారి బయటపడింది. మేస్త్రీ కూడా ఏడ్చాడు. కందిరీగ ఆవిడను లేవదీసి కళ్ళు తుడుస్తున్నప్పుడు జీపు కదిలిన చప్పుడు వినబడింది. వెళ్తూ ఇన్‌స్పెక్టరు చెవి దగ్గర ఫోన్ ఉంది. అది కందిరీగ చూసింది కూడా. దొరికాడన్న సంతోషంలో చూసినదాన్ని పట్టించుకోలేదు.

*

ఆసుపత్రికి గంటంపావు ప్రయాణం. దారిలో దర్జీ అక్క కారు ఆపించి ఒక దుప్పటి కొన్నది. వాడికి ఎండాకాలంలో కూడా దుప్పటి లేందే నిద్ర పట్టదని చెప్పింది. కాలు పోతే పోయింది, కూర్చుని చేసే పని నేర్పిస్తాను, కాజాలు కుట్టడం చిన్నప్పుడే వచ్చు వాడికి అని చెప్పింది. ఆపకుండా ఏదో ఒకటి చెబుతూనే ఉంది. కందిరీగ ఊఁ కొడుతూనే ఆ ఇంజినీరు మీద పెట్టాల్సిన కేసులు మనసులో ఒకటొకటిగా పేర్చుకుంది.

మగవాళ్ళ వార్డు మేడ మీద. మెట్లు ఎక్కేటప్పుడు దర్జీ అక్కే ముందుంది.

గోడ వారగా ఉన్న మంచం దగ్గర ఒక నర్సు పక్కగుడ్డ మారుస్తోంది. మంచం ఖాళీగా ఉంది. సెలైను సీసా ఇంకా కొక్కేనికి వేలాడుతోంది, సగానికి పైగా మందు అలాగే ఉంది.

"ఇందాక ఫోన్ చేసింది నేనే" అంది కందిరీగ. "మూర్ఛ కేసు. ఏడీ అతను?"

నర్సు నవ్వుతూ తిరిగింది. "మీరా? మీకు దారిలో ఎదురు కాలేదా? ఒక అరగంటైంది. పెద్దాసుపత్రికని తీసుకెళ్ళిపోయారు కదా."

"ఎవరు?"

"వాళ్ళక్కేనండీ. మీరు ఫోన్లో చెప్పిన ఆవిడే. తోడు ఇద్దరు మగవాళ్ళు వచ్చారు, ఆఫీసు వ్యాను తెచ్చారు. అన్ని కాగితాలూ ఉన్నాయి వాళ్ళ దగ్గర. సంతకం కూడా పెట్టింది."

దర్జీ అక్క చేతిలోని దుప్పటి జారి కింద పడింది.

"నేనమ్మా వాడి అక్కని" అంది. "వాడికి నేనొక్కదాన్నే."

నర్సు నవ్వు ఆగిపోయింది. దర్జీ అక్కను చూసింది, కందిరీగను చూసింది, ఖాళీ మంచాన్ని చూసింది. చేతిలోని పక్కగుడ్డను గుండెలకు ఆనించుకుని, మెల్లగా మంచం అంచున కూర్చుంది.

"చెప్పాడమ్మా" అంది. "ఆవిణ్ణి చూడగానే నా చెయ్యి పట్టుకున్నాడు. ఈమె మా అక్క కాదు, నన్ను పంపొద్దు అని ఒకటే అరిచాడు. జ్వరానికి మతి తప్పి మాట్లాడుతున్నాడనుకున్నాను. కుదురుగా పడుకుంటాడని మత్తు సూది నేనే వేశాను."